ఓటడిగితే అన్నం పొట్లం

ఎన్నికల రోజుల్లో యానాంలో మా ఫరంపేట వీధిలోకి మైకు ఆటో వచ్చిందంటే నాకు మా బాబాయి గుర్తొస్తాడు. ఆయన ఈ ఊరివాడు కాదు, ఈ దేశంవాడు కూడా కాదు. సముద్రం అవతల శ్రీలంకలో, తమిళులుండే ఒక చిన్న పట్నంలో పుట్టాడు. కానీ ఓటు ఎలా అడగాలో మాత్రం మా వీధిలోనే, మా అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నాడు.

బాబాయంటే మా పిన్ని భర్త. పిన్ని అమ్మకు చెల్లెలు, నాకు చదువు చెప్పిన పంతులమ్మ. చిన్నప్పటినుంచీ నాకు ఆయాసం. బడికి వెళ్తే ఆ దుమ్ము పడేది కాదు, నెలలో సగం రోజులు మంచం మీదే గడిచేవి. చివరికి నాన్న బడి మాన్పించేశాడు. పిన్ని పొద్దున్న కాన్వెంటులో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పి, మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఇంటికొచ్చి, అరుగు మీద చాపేసి నాకు చెప్పేది. ఈనాడు నాలుగు మాటలు రాయగలుగుతున్నానంటే ఆ చాప చలవే. దేవుడు నాకు ఊపిరి కాస్త తక్కువిచ్చాడు, పిన్నిని ఇచ్చాడు. ఎప్పుడు తలుచుకున్నా నాకు ఎక్కువే ముట్టిందనిపిస్తుంది.

బాబాయి పాండిచ్చేరి నుంచి ఒక రొయ్యల చెరువుల కాంట్రాక్టరు వెంట యానాం వచ్చాడు. చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్ల మోటార్లు బాగుచేసేవాడు. వాళ్ళదీ మాలాగే ప్రొటెస్టెంటు కుటుంబం. తమిళ బైబిలు చంకలో పెట్టుకుని ప్రతి ఆదివారం చర్చికొచ్చి ఆఖరి వరసలో కూర్చునేవాడు. సంఘం పెద్దలు అన్నీ విచారించి పిన్నినిచ్చి పెళ్ళి చేశారు. శరణార్థి అని అందరికీ తెలుసు. ఒకప్పుడు తుపాకి పట్టిన మనిషినని మాత్రం పెళ్ళికి ముందే పిన్నికీ అమ్మమ్మకీ తనే చెప్పుకున్నాడట.

"ఇప్పుడుందా తుపాకీ?" అని అడిగిందట అమ్మమ్మ.

"లేదండీ."

"అయితే సరే. కాళ్ళు కడుక్కురా బాబూ, అన్నం తిందువుగాని."

అమ్మమ్మ విచారణ అంతే.

ఆయనా నేనూ ఒకే చాప మీద చదువుకున్నాం. నేను లెక్కలు చేసుకుంటుంటే ఆయన పక్కన కూర్చుని తెలుగు చదవడం నేర్చుకునేవాడు. మా ఇంట్లో పుస్తకమంటే బైబిలు, పాటల పుస్తకం. వాటితోనే నేర్చుకున్నాడు కాబట్టి ఆయన మాట అచ్చం బైబిలు వాక్యంలాగే ఉండేది. దాహమేస్తే "నాకు నీళ్ళను అనుగ్రహించుము" అనేవాడు. మేం నవ్వేవాళ్ళం. ఆయనా నవ్వేవాడు గాని, మర్నాడు మళ్ళీ అలాగే అడిగేవాడు.

ఆయనకు రెండు అలవాట్లుండేవి. ఎవరింటికి వెళ్ళినా తలుపుకు ఎదురుగా నిలబడేవాడు కాదు. పక్కకు జరిగి, గోడకు ఆనుకుని పిలిచేవాడు. తలుపు తీసినవాళ్ళకు ఎవరూ కనబడేవారు కాదు. "ఎవరది, గాలా?" అంటూ అమ్మమ్మ రోజూ తల బయటపెట్టి వెతుక్కునేది. రెండోది, అన్నం పొట్లం కట్టడం. పనికి వెళ్ళేటప్పుడు క్యారేజీ పట్టుకెళ్ళేవాడు కాదు. అరిటాకు వేడి చేసి, అన్నం, కూర పెట్టి, నాలుగు మడతలు మడిచి, పైన కాగితం చుట్టి దారం కట్టేవాడు. చెరువుగట్టు మీంచి దొర్లించినా విచ్చుకునేది కాదు ఆ పొట్లం.

"ఎవరు నేర్పారు బాబాయ్?" అని అడిగాను ఒకసారి.

అప్పుడు చెప్పాడు. వాళ్ళ ఊళ్ళో యుద్ధం రోజుల్లో అడవిలో ఉన్న దళాల కోసం ప్రతి ఇంట్లోనూ అన్నం పొట్లాలు కట్టేవారట. సాయంత్రం ఒక కుర్రాడు సైకిలు మీద వచ్చి గుమ్మంలో నిలబడితే చాలు, ఇంటావిడ మాట్లాడకుండా లోపలికెళ్ళి పొట్లాలు తెచ్చి సంచిలో వేసేదట. బాబాయి చిన్నప్పుడు వాళ్ళమ్మ పక్కన కూర్చుని దారాలు కట్టాడు. పెద్దయ్యాక తనే సైకిలు తొక్కుకుంటూ ఇల్లిల్లూ తిరిగాడు.

"ఎంత ప్రేమ పెట్టారో నీకు తెలియదు. ఏ ఇంటికెళ్ళినా అన్నమే," అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖం వెలిగిపోయింది.

తర్వాత పెద్ద దళంలో తగాదాలొచ్చి కొంతమంది విడిపోయి వేరే దళం కట్టారు. బాబాయి ఆ విడిపోయినవాళ్ళలో ఒకడు. అప్పటినుంచి సైన్యం ఒకవైపు, నిన్నటిదాకా ఒకే పొట్లం విప్పుకుని తిన్న పాత స్నేహితులు ఇంకోవైపు వాళ్ళను వెతకడం మొదలుపెట్టారు. అలా పడవెక్కి ఇటొచ్చాడు. ఇంతకంటే ఎక్కువ నాకెప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

శుక్రవారం సాయంత్రాలు మా వీధిలో ఎవరో ఒకరింట ప్రార్థన ఉంటుంది. చివర్లో ఒక్కొక్కరే లేచి, ఆ వారం దేవుడు చేసిన మేలు చెప్పాలి. సాక్ష్యం అంటాం. అమ్మమ్మ సాక్ష్యాలు భలే ఉండేవి. గ్యాసు బండ సమయానికి వచ్చిందని, పక్కింటివాళ్ళ కోడిపుంజు తెల్లారకుండా కూయడం మానేసిందని, అన్నింటికీ స్తోత్రం చెప్పేది. బాబాయి మాత్రం గుమ్మం పక్కనున్న చెక్క కుర్చీలో వీధికేసి చూస్తూ కూర్చునేవాడు. ఆయన వంతు వస్తే తల అడ్డంగా ఊపేవాడు.

"మా అల్లుడుగారి సాక్ష్యం ప్రభువు మనసులోంచే తీసుకుంటాడు లెండి, మీరు కానివ్వండి," అనేది అమ్మమ్మ.

పిన్నీ బాబాయిల పాప నడక నేర్చిన ఏడు బాబాయికో ఫోను వచ్చింది. మధ్యాహ్నం, నేను చాప మీద ఉన్నాను. పిన్ని నాకు ఏదో వివరిస్తోంది. బాబాయి చెరువు దగ్గర్నుంచి వేళ కాని వేళ వచ్చి, ఎప్పుడూ లేనిది, తలుపుకు ఎదురుగా నిలబడ్డాడు.

"మా దళంవాళ్ళు పార్టీ పెట్టారు," అన్నాడు. "జెండా ఉంది. గుర్తు ఉంది. ఆఫీసుకు బోర్డు ఉంది. నన్ను రమ్మంటున్నారు. మా ఊళ్ళో మునిసిపాలిటీ ఎలక్షన్లో నిలబడమంటున్నారు."

పిన్ని పుస్తకం మూసింది. "తుపాకులేం చేశారంట?"

"అప్పజెప్పేశారంట."

"అన్నీనా?"

పాప వచ్చి ఆయన కాలు పట్టుకుంది.

అమ్మకు ఈ సంగతి తెలిసి చెల్లెలి మీద విరుచుకుపడింది. "నీకేమన్నా మతిపోయిందేంటే. అక్కడ పాతవాళ్ళు ఈయన్ని మర్చిపోయారనుకుంటున్నావా? చంటిపిల్లని పెట్టుకుని ఎక్కడికి పోతావు?"

పిన్ని రెండు రోజులు నాకు పాఠం చెబుతూ చెబుతూ ఆగిపోయేది. మూడోనాడు అందరి ముందూ బాబాయితో చెప్పింది. "మీరు వెళ్ళండి. వద్దంటే ఇక్కడ కూర్చుని అక్కడికే చూస్తుంటారు. కానీ నేనూ పాపా ఇప్పుడు రాం. మీరు గుమ్మంలో నిలబడితే భయపడకుండా మాట్లాడే ఇల్లు అక్కడ ఒక్కటి ఉందని నాకు చెప్పండి. ఆ రోజు వస్తాను. లేదంటే మీరే వెనక్కొచ్చెయ్యాలి."

"ఒక్కటేనా? ఊరంతా నాకు అన్నం పెట్టింది," అన్నాడు బాబాయి నవ్వుతూ.

"ఒక్కటి చాలు," అంది పిన్ని. ఆమె నవ్వలేదు.

నేనూ భయపడ్డానని చెప్పాలి. ఆయన మాట నెగ్గితే నా పిన్ని వెళ్ళిపోతుంది. నెగ్గకపోతే ఆయన బతికి వస్తాడో రాడో. ఏమని ప్రార్థించాలో తెలియక, "నీ చిత్తం" అని మాత్రం అనేదాన్ని.

సరిగ్గా ఆ రోజుల్లోనే మాకు ఎన్నికలు. ఒక ఉదయం డప్పులతో, దండలతో ఒక అభ్యర్థి మా వీధికొచ్చాడు. ఎదురింటి అత్తయ్యగారు హారతి పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడింది. వాళ్ళాయన గోదావరి జిల్లా పల్లె నుంచి రొయ్యల వ్యాపారానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు, ఆ పార్టీ మనిషి. అక్కడ బొట్టు పెట్టించుకుని, నోట్లో పటికబెల్లం వేయించుకుని, అభ్యర్థి చేతులు జోడించుకుంటూ మా గుమ్మంలోకొచ్చాడు. బాబాయి అరుగు మీద కూర్చుని మా టేబుల్ ఫ్యాను విప్పుతున్నాడు.

అమ్మమ్మ గరిటె పట్టుకునే బయటికొచ్చింది. "బాబూ, పొయ్యి మీద పులుసు మరుగుతుంది. ఆయ్, మీకెయ్యనండి. పోయినసారి కుళాయన్నారు, ఏదండీ కుళాయి? తమరు పక్కింటికెళ్ళండి." అని తలుపు వేసేసింది.

"అలాగే మామ్మగారూ, పులుసు దింపుకోండి. మళ్ళీ వత్తాను," అని అభ్యర్థి మూసిన తలుపుకే దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. వెనక ఉన్న కుర్రాళ్ళు నవ్వారు.

బాబాయి చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఉండిపోయింది. కాసేపటికి వంటింట్లోకి వెళ్ళి అమ్మమ్మనడిగాడు. "అత్తయ్యగారూ, ఆయనకు కోపం రాదా?"

"ఎందుకు రాదూ, వస్తాది."

"మరి ఏం చేస్తాడు?"

"ఏం చేత్తాడు? పక్కింటికెళ్తాడు."

"రాత్రికి ఎవరినైనా పంపడా?"

అమ్మమ్మ పులుసులో గరిటె ఆపి ఆయన ముఖంలోకి చూసింది. "ఎవర్ని పంపుతాడు బాబూ? ఎల్లుండి మళ్ళీ తనే వత్తాడు. అప్పుడు మజ్జిగిచ్చి పంపుతాను. ఓటు మాత్రం వెయ్యను."

ఆ రోజే ఆయన తనకు ఓటడగడం నేర్పమని మమ్మల్ని అడిగాడు. అమ్మమ్మ ఓటరు, నేనూ పిన్నీ చుట్టూ చేరిన జనం. బాబాయి వీధిలోంచి వచ్చి తలుపు కొట్టాలి. మొదటిసారి అమ్మమ్మ తలుపు తీస్తే ఎవరూ లేరు.

"మళ్ళీ గోడకంటుకున్నావా? ఓటడగడానికొచ్చావా, కోడిని పట్టడానికొచ్చావా? ఎదురుగా నిలబడు."

ఎదురుగా నిలబడ్డాడు గాని చేతులు ఏం చెయ్యాలో తెలియలేదు. ఒకటి నడుం దగ్గర, ఒకటి వీపు వెనక. "జోడించవయ్యా," అంది. జోడించి, గొంతు సవరించుకుని అన్నాడు. "ఇదిగో, నేను వచ్చియున్నాను. మీ ఓటును నాకు అనుగ్రహించుడి."

"ఇది ఓటా, వాక్యమా?" అంది అమ్మమ్మ. నాకు నవ్వాపుకోలేక ఆయాసం వచ్చి, పిన్ని వీపు నిమరాల్సొచ్చింది.

"నువ్వెవరివో చెప్పవయ్యా ముందు. ఎవరబ్బాయివి, ఏ వీధి?"

అక్కడ ఆగిపోయాడు. వాళ్ళ దళంలో సొంత పేరు చెప్పుకోవడం నిషేధం. వేరే పేర్లు పెట్టుకునేవారు. మేమందరం ఆయన్ని ఇన్నాళ్ళూ పిలిచింది అలాంటి మారుపేరుతోనేనని అప్పుడు తెలిసింది. చేతులు జోడించే ఉంచి, తల్లిదండ్రులు పెట్టిన పేరు చెప్పాడు. అమ్మమ్మ హాస్యం మాని మెల్లిగా ఆ పేరు ఒకసారి తనూ పలికి చూసుకుంది. పిన్ని మాత్రం ఆశ్చర్యపోలేదు. ఆమె ఆ సొంత పేరుతోనే ఆయన కోసం ప్రార్థించేదట.

ఆయన వెళ్ళబోయే ముందు శుక్రవారం ప్రార్థన మా వీధిలో కాక కనకాలపేటలో ఒక టీచరమ్మ ఇంట్లో జరిగింది. బాబాయి వంతు వచ్చింది. తల ఊపలేదు, లేచి నిలబడ్డాడు. తన ఊళ్ళో తనకు అన్నం పొట్లాలిచ్చిన తల్లులందరి కోసం దేవునికి స్తోత్రమన్నాడు. ఏ గుమ్మమూ తనను ఖాళీ సంచితో పంపలేదన్నాడు. అందరూ "స్తోత్రం" అన్నారు. టీచరమ్మ కళ్ళు తుడుచుకుంది.

అమ్మమ్మ ఒక్కతే అడిగింది. ఎత్తిపొడుపుగా కాదు, తెలుసుకోవాలనే. "ఎవరూ లేదనలేదా బాబూ? ఒక్క ఇల్లయినా? ఒక పూట బియ్యం లేనివాళ్ళయినా?"

ఆయన ఆలోచించాడు. గదంతా ఆయనకేసే చూస్తోంది.

"ఎవరూ లేదనలేదు," అన్నాడు. చెప్పి, కూర్చుండిపోయాడు. ఆ తర్వాత పాడిన పాటలో ఆయన గొంతు వినబడలేదు.

పడవలో వచ్చిన మనిషి విమానంలో వెళ్ళాడు. పిన్ని పాపనెత్తుకుని బస్టాండు దాకా వెళ్ళి సాగనంపింది. మర్నాడు మధ్యాహ్నం ఎప్పటిలాగే వచ్చి చాపేసింది. పక్కన ఆయన కూర్చునే చోటు వదిలేసి కూర్చుంది.

ఆదివారం ఆరాధనయ్యాక ఆయన ఫోను చేసేవాడు. పిన్ని అందరికీ వినబడేలా స్పీకరు పెట్టేది. మొదటి రెండు మూడు ఫోన్లలో ఊరి సంగతులే. ఇల్లు కూలిపోయిందని, వేపచెట్టు ఉందని, పార్టీ ఆఫీసులో పాత స్నేహితులు ఇస్త్రీ చొక్కాల్లో కొత్తగా ఉన్నారని. ప్రచారం మొదలయ్యాక వచ్చిన ఫోనులో ఆయన గొంతు వేరుగా ఉంది.

మొదటి ఇంటికి అమ్మమ్మ నేర్పినట్టే వెళ్ళాడట. తలుపుకు ఎదురుగా నిలబడ్డాడు, చేతులు జోడించాడు. ఒక పెద్దావిడ తలుపు తీసింది. ఆయన్నీ, వెనకున్న నలుగురినీ చూసింది. పార్టీ అనే మాట విన్నదో లేదో, లోపలికెళ్ళి ఒక అన్నం పొట్లం తెచ్చి చేతిలో పెట్టింది.

"అమ్మా, అన్నానికి రాలేదు. ఓటుకు వచ్చాం," అన్నాడు.

"అలాగే, అలాగే. వేస్తాను. ఇది తీసుకెళ్ళండి," అంది నేలకేసి చూస్తూ.

రెండో ఇంట్లోనూ పొట్లమే. వీధి చివరికొచ్చేసరికి ఆటో సీటంతా పొట్లాలట. అన్ని ఇళ్ళలో అన్ని పొట్లాలు ఎలా సిద్ధంగా ఉన్నాయంటే, వీళ్ళొస్తున్నారని ముందే కబురు తెలిసి కట్టుంచారట. వెంట వచ్చినవాళ్ళు పొట్లాలు విప్పుకుని తింటూ, "చూశావా, జనం మనల్ని మర్చిపోలేదు, గెలుస్తాం," అన్నారట.

"నువ్వు తిన్నావా?" అడిగింది అమ్మమ్మ ఫోనులోకి వంగి.

"తినలేదండీ. ఓట్లు కూడా ఇలాగే వేస్తారు అత్తయ్యగారూ. అన్నం పెట్టినట్టే వేస్తారు."

ఆ మాటకు అర్థమేమిటో చాప మీద కూర్చున్న నాక్కూడా తెలిసింది. కనకాలపేటలో ఆయన చెప్పిన సాక్ష్యం గుర్తొచ్చింది. సైకిలు తొక్కిన ఆ కుర్రాడికి ఎవరూ లేదనకపోవడానికి కారణం ఆయనకు ఇన్నేళ్ళకు కనబడింది.

పిన్ని నెమ్మదిగా అంది. "అయితే వచ్చెయ్యండి."

"వస్తాను. ఒక్క ఇంటికి మళ్ళీ వెళ్ళి వస్తాను."

ఆ వారం మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. అమ్మ కూడా నోరెత్తలేదు. తర్వాతి ఫోను ఆదివారం దాకా ఆగలేదు. మంగళవారం మధ్యాహ్నం, నా పాఠం వేళకు వచ్చింది. ఎత్తగానే ఆయన నవ్వు. ఏడుస్తున్నాడేమోనని పిన్ని లేచి నిలబడింది.

"ఏమైందండీ?"

"ఇవాళ ఒకావిడ నా మొహం మీద తలుపేసింది," అన్నాడు.

ఆ మొదటి ఇంటికే వెళ్ళాడట. ఈసారి ఒక్కడే, జెండా లేకుండా. ఆవిడ మళ్ళీ లోపలికెళ్ళబోతే ఆపాడు. తన సొంత పేరు చెప్పాడు. ఫలానావాళ్ళ అబ్బాయినన్నాడు. ఒకప్పుడు సైకిలు మీద వచ్చి ఈ గుమ్మంలోనే పొట్లాలు పట్టుకెళ్ళిన కుర్రాణ్ణి నేనేనమ్మా, అన్నాడు. మీకు ఇష్టం లేకపోతే ఓటెయ్యొద్దు, అన్నం పెట్టొద్దు, ఎవరూ రారు, అన్నాడు.

"నిజంగా?" అంది ఆవిడ.

"నిజంగా."

"అయితే వెయ్యను," అందట. "నా కొడుకు కూడా మీతోనే వచ్చాడు, మళ్ళీ రాలేదు. వెయ్యను. పో." తలుపు ఎంత గట్టిగా వేసిందంటే పైనున్న మామిడి తోరణం ఊడి ఆయన భుజం మీద పడిందట.

పిన్ని గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. నవ్వుతోంది, కళ్ళమ్మట నీళ్ళు. బాబాయి ఇంకా చెబుతున్నాడు, మూసిన తలుపుకే దణ్ణం పెట్టి పక్కింటికెళ్ళానని. అమ్మమ్మ వంటింట్లోంచి అరిచింది. "మా అల్లుడికి చదువొచ్చిందే!"

ఆయన ఆ ఎన్నికల్లో ఓడిపోయాడు. ఇష్టం లేకపోతే వెయ్యొద్దని చెప్పినందుకు, ఓడిపోవడంలో ఆయన చెయ్యి కూడా కొంత ఉందని పార్టీవాళ్ళు కొన్నాళ్ళు ఆయనతో మాట్లాడలేదట. అది జరిగాక పిన్ని పెట్టె సర్దుకుంది. భయపడకుండా మాట్లాడే ఇల్లు ఒక్కటి చాలంది, ఆ ఇల్లు దొరికింది. అమ్మ ఇంకొక్కసారి అడ్డం పడబోయింది. "తలుపేస్తే దొరకడమేంటే?" అంది. పిన్ని అక్క చేతిని తన చేతిలోకి తీసుకుని, "దొరికిందక్కా," అంది. నాకు చాప, తన పుస్తకాలు వదిలి వెళ్ళింది. బస్సు కదిలేటప్పుడు కిటికీలోంచి నా వీపు నిమిరింది, ఆయాసం రాకముందే.

ఇప్పుడు వాళ్ళ పాప పెద్దదైంది. వీడియో కాల్లో నాతో తెలుగు మాట్లాడుతుంది, వాళ్ళ నాన్నలాగే వాక్యం భాష. పార్టీ ఉంది, అప్పుడప్పుడూ ఒక సీటు గెలుస్తుంది. బాబాయి మళ్ళీ నిలబడలేదు గాని ప్రతి ఎన్నికకూ ఇల్లిల్లూ తిరుగుతాడు. అమ్మమ్మ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయినప్పుడు పిన్ని వచ్చింది. ఆ శుక్రవారం ప్రార్థనలో లేచి, ఆ పెద్దావిడ గురించి చెప్పింది. ఇప్పటికీ ఓటు వెయ్యదట. వెయ్యనని ప్రతిసారీ మొహం మీదే చెబుతుందట. కానీ పెరట్లో కరివేపాకు కోసుకోమంటుందట, పిన్ని ఒక్కతే వెళ్తే కూర్చోమంటుందట కూడా. ఆమె కొడుకు మాట మాత్రం వాళ్ళు ముగ్గురూ ఎత్తరట. "ఆ కరివేపాకు కోసం స్తోత్రం," అని పిన్ని కూర్చుంది. అమ్మమ్మ ఉంటే అలాగే చెప్పేది.

ఈ మధ్య ఎన్నికలకు మైకు ఆటో మళ్ళీ మా వీధికొచ్చింది. ఎదురింట్లో హారతి అయ్యాక అభ్యర్థి చేతులు జోడించుకుని మా గుమ్మంలోకొచ్చాడు. చెక్క కుర్చీ ఇంకా ఆ పక్కనే ఉంది.

"పొయ్యి మీద పాలున్నాయండి," అన్నాను. "మీకు వెయ్యడం లేదండి. ఏమీ అనుకోకండి."

"పర్లేదమ్మా, పాలు చూసుకోండి," అని ఆయన పక్కింటికి వెళ్ళాడు.

తలుపు వేశాను. పాలు నిజంగానే పొంగిపోతున్నాయి. దింపి, అక్కడే పొయ్యి ముందు నిలబడి కళ్ళు మూసుకుని స్తోత్రం చెప్పాను.